నాన్న పద్దుల పుస్తకం, నా రిటర్ను: బాలాజీనగర్ ఇంటి బాడుగ లెక్క

2024 నవంబరులో ఒక సాయంత్రం ఆదాయపు పన్ను శాఖ నుంచి నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. జులైలో నేను దాఖలు చేసిన రిటర్నులో చూపిన ఆదాయానికీ, నా పాన్ నంబరు మీద శాఖ వద్ద నమోదైన సమాచారానికీ పొంతన లేదనీ, పరిశీలించుకుని అవసరమైతే డిసెంబరు 31లోగా సవరించుకోవాలనీ దాని సారాంశం. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి, పింఛను తప్ప వేరే ఆదాయం లేదనుకుంటూ బతుకుతున్న నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొంతన లేనిది ఎక్కడో నాకు తెలుసు. నెల్లూరు బాలాజీనగర్‌లో నాన్న కట్టించిన ఇంటి బాడుగను నేను రిటర్నులో చూపలేదు.

ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. కింద రోడ్డు వైపు ఒక పెద్ద హాలు, పైన రెండు పోర్షన్లు. హాలును ఒక ప్రైవేటు ఆర్థిక సంస్థ తన శాఖ కోసం నెలకు 28,000కు తీసుకుంది. పైన ఒక పోర్షన్ 9,500, మరొకటి 8,500. నాన్న 2023 మార్చి నెలాఖరున కాలం చేశారు. ఆయన రాసిన వీలునామా ప్రకారం ఇల్లు నాకూ, కావలిలో ఉంటున్న మా చెల్లెలికీ సరిసగం. నేను వేదాయపాళెంలో సొంత ఫ్లాటులో ఉంటాను గనుక దగ్గరదాన్నని బాడుగలు వసూలు చేయడం, ప్లంబరును పిలవడం, టులెట్ బోర్డు కట్టడం అన్నీ నా మీద పడ్డాయి. మధ్యవర్తి లేడు, చూసుకునే మనిషి లేడు. నాన్న ఉన్నంతకాలం ఆయన రిటర్నులు ఆడిటరు గారు చూసుకునేవారు. నాన్న చివరి రిటర్నును కూడా వారసురాలిగా నా చేత దాఖలు చేయించింది ఆ ఆడిటరు గారే. అందులో ఏముందో నేను చదవకుండానే సంతకం పెట్టానని ఇప్పుడు చెప్పుకోవడానికి బాధగా ఉంది, ఎందుకంటే ఆ కాగితాలు తెరిచి చూసి ఉంటే తరువాతి ఏడాది నాకు ఈ చిక్కు వచ్చేది కాదు.

బాడుగ చూపకపోవడానికి నేను నాకు చెప్పుకున్న కారణాలు మూడు. సంస్థ ప్రతి నెలా 28,000లో పదో వంతు పన్నుగా కోసుకుని 25,200 మాత్రమే నా ఖాతాలో వేస్తోంది, కాబట్టి ఆ బాడుగ మీద పన్ను కట్టేసినట్టే అనుకున్నాను. వచ్చిన దాంట్లో సగం చెల్లెలిది, అది నా ఆదాయం ఎలా అవుతుంది అనుకున్నాను. మూడోది, ఆ ఏడాది మరమ్మతులకే చాలా పోయింది గనుక మిగిలింది పెద్దగా ఏమీ లేదనుకున్నాను. ఈ మూడూ ఎంతోమంది ఇంటి యజమానుల నోట నేను విన్న మాటలే. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ ఏ ఒక్కటీ బాడుగను రిటర్నులో చూపకుండా ఉండడానికి కారణం కాదు.

మరునాడు పన్ను శాఖ పోర్టల్‌లో నా ఖాతా తెరిచి వార్షిక సమాచార నివేదిక, అంటే అందరూ ఏఐఎస్ అనేదాన్ని, మొదటిసారి శ్రద్ధగా చదివాను. అందులో నా పింఛను ఉంది, బ్యాంకు వడ్డీ ఉంది, వాటి కింద 194-ఐ సెక్షన్ కింద వచ్చిన బాడుగ అని ఒక వరుస, 3,36,000, కోసిన పన్ను 33,600 అని ఉన్నాయి. చెల్లెలి పేరు ఎక్కడా లేదు. అగ్రిమెంటు మార్చే రోజుల్లో బ్యాంకు ఖాతా, పాన్ కాగితాలు నావి ఒక్కటే ఇచ్చాను గనుక సంస్థ దృష్టిలో యజమానిని నేనొక్కదాన్నే. పైపెచ్చు కోసిన పన్నుకు ఆధారంగా మూడు నెలలకొకసారి ఇవ్వవలసిన 16ఎ పత్రం ఆ సంస్థ వాళ్లు నాకు ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నేను ఎప్పుడో గ్రహించేదాన్నని నా నమ్మకం.

ఆడిటరు గారి దగ్గరకు నాన్న పద్దుల పుస్తకం పట్టుకుని వెళ్లాను. అది ఎర్ర గీతల పొడుగు పుస్తకం. పోర్షన్‌కు ఒక పేజీ చొప్పున, ఎడమ వైపు బాడుగ వచ్చిన తేదీ, కుడి వైపు ఖర్చు. నాన్న పోయాక అదే పద్ధతిలో నేనూ రాస్తూ వచ్చాను. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వానలకు డాబా కారి పై పోర్షన్ గోడలు చెమ్మెక్కాయి. దానికి వాటర్‌ప్రూఫింగ్ చేయించడానికి 46,000. ఖాళీ అయిన పోర్షన్‌కు రంగులకు 14,500. మోటారు వైండింగుకు 4,300. కుళాయిలకూ పైపులకూ 6,500. మొత్తం 71,300 రూపాయలు, ప్రతి దానికీ రసీదు జతచేసి ఉంది. ఆడిటరు గారు పుస్తకం తిరగేసి, కుడి వైపు పేజీ మీద చెయ్యి పెట్టి, "ఇదంతా మీ ఇంటి లెక్కమ్మా. మీరు మోటారుకు ఎంత పెట్టారు, రంగులకు ఎంత పెట్టారు అని చట్టం అడగదు. రూపాయి ఖర్చు పెట్టకపోయినా ముప్పై శాతం తీసేసుకోమంటుంది, లక్ష పెట్టినా అంతే తీసుకోమంటుంది" అన్నారు.

నాకు విషయం వెలిగింది ఆ మాటతోనే. బాడుగ ఆదాయం వ్యాపారం లెక్కలాంటిది కాదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 22 నుంచి 27 వరకు ఉన్న సెక్షన్లు దీన్ని ఇంటి ఆస్తి ఆదాయమనే విడి శీర్షిక కింద పెట్టాయి. కింద హాలు వ్యాపారానికి ఇచ్చినా, పైన పోర్షన్లు కాపురాలకు ఇచ్చినా శీర్షిక ఒక్కటే. ముందు ఆ ఏడాది బాడుగ, అందులోంచి యజమాని ఆ ఏడాదిలో నిజంగా చెల్లించిన ఇంటి పన్ను తీసివేయాలి, మిగిలినదాంట్లో 24(ఎ) సెక్షన్ కింద ముప్పై శాతం తీసివేయాలి, ఇంటి అప్పు ఉంటే దాని వడ్డీ తీసివేయాలి. అంతే. మరమ్మతులు, వాచ్‌మన్ జీతం, బీమా, వసూలుకు తిరిగిన ఖర్చు అన్నీ ఆ ముప్పై శాతంలో కలిసిపోయినట్టే. మాకు అప్పు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే ఈ ముప్పై శాతం పోతుందేమోనని భయపడ్డాను గానీ, అది రెండు విధానాల్లోనూ ఉంది.

లెక్క కట్టడానికి కూర్చుంటే ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క ప్రశ్న వచ్చింది. ఇంటి పన్ను సంగతే చూడండి. నాన్న మంచాన పడిన ఆరు నెలల్లో, అంటే 2022 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు, అర్ధ సంవత్సరపు పన్ను 9,200 కట్టలేదు. నేను ఆ బకాయినీ, 2023-24 రెండు అర్ధ సంవత్సరాల పన్నునూ కలిపి వార్డు సచివాలయంలో కట్టాను. పన్ను ఏ సంవత్సరానిదైనా చెల్లించిన సంవత్సరంలోనే తీసివేసుకోవాలన్నది నియమం గనుక మూడు అర్ధ సంవత్సరాలకు 27,600 నాకు ఈ ఏడాదిలోనే వచ్చింది. బకాయి మీద వేసిన వడ్డీని మాత్రం ఇందులో కలపలేదు. అదే బకాయిని అద్దెదారు చేత కట్టించి ఉంటే నేను తీసివేసుకోవడానికి ఉండేది కాదు.

రెండో పోర్షన్ లెక్క ఇంకా చిక్కు. అందులో ఉన్న కుర్రవాడు ఏప్రిల్, మే బాడుగలు ఇచ్చి తరువాత ఆపేశాడు. అతని అడ్వాన్సు 17,000 నా దగ్గర ఉంది. అందులోంచి జూన్, జులై బాడుగలు జమ వేసుకున్నాను. తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు ఆదాయం కాదు, కానీ బాడుగకు జమ వేసుకున్న రోజు అది బాడుగే అవుతుంది. ఆగస్టు, సెప్టెంబరు బాడుగలు ఎగ్గొట్టి సెప్టెంబరు ఆఖరున ఖాళీ చేశాడు. రెండు నెలలు టులెట్ బోర్డు వేలాడింది. డిసెంబరు నుంచి కొత్త కాపురం వచ్చింది. ఖాళీగా ఉన్న అక్టోబరు, నవంబరు బాడుగను చూపనక్కరలేదు. వసూలు కాని 17,000ను కూడా తీసివేయవచ్చు, కానీ దానికి ఆదాయపు పన్ను రూల్స్‌లోని నాలుగో రూలు షరతులు పెట్టింది: అద్దె ఒప్పందం నిజమైనదై ఉండాలి, అద్దెదారు ఖాళీ చేసి ఉండాలి లేదా ఖాళీ చేయించడానికి మనం చర్యలు తీసుకుని ఉండాలి, అతను మన మరో ఆస్తిలో ఉండకూడదు, వసూలుకు కోర్టుకు వెళ్లి ఉండాలి లేదా వెళ్లినా ఫలితం లేదని అధికారికి చూపగలగాలి. నేను అతని సొంత ఊరి చిరునామాకు రిజిస్టరు ఉత్తరం పంపితే అది తిరిగి వచ్చింది. ఆ తెరవని కవరును, నేను పంపిన వాట్సాప్ సందేశాలను దాచి పెట్టాను. పదిహేడు వేల కోసం దావా వేస్తే వకీలు ఫీజుకే అది చాలదు.

ఇలా 2023-24 సంవత్సరానికి మొత్తం తేలింది: హాలు 3,36,000, మొదటి పోర్షన్ 1,14,000, రెండోది పది నెలలకు 85,000, కలిపి 5,35,000. వసూలు కానిది 17,000, ఇంటి పన్ను 27,600 తీసివేస్తే 4,90,400. ఇందులో నా సగం 2,45,200. దాని నుంచి ముప్పై శాతం, అంటే 73,560 పోతే 1,71,640 నా బాడుగ ఆదాయం. చెల్లెలికీ అంతే. మా ఇద్దరి ముప్పై శాతం కలిపితే 1,47,120 అవుతుంది, నా పుస్తకంలో రాసుకున్న మరమ్మతుల కన్నా రెట్టింపు. తుపాను వచ్చిన ఏడాది కూడా చట్టం ఇచ్చిన మినహాయింపే ఎక్కువగా ఉందంటే, ఖర్చుల పేరు చెప్పి బాడుగ దాచడంలో అర్థం లేదని నాకు స్పష్టంగా తెలిసింది.

జులైలో నేను పింఛనుదారులందరిలాగే ఐటీఆర్-1 దాఖలు చేశాను. నాకు వేదాయపాళెం ఫ్లాటు, ఈ ఇంట్లో సగం, రెండు ఆస్తులు గనుక ఆ ఏడాదికి అది సరైన ఫారం కాదు, ఐటీఆర్-2 వేయవలసింది. సవరించిన రిటర్నును 139(5) సెక్షన్ కింద డిసెంబరులో నేనే ఆన్‌లైన్‌లో నింపాను. ఇక్కడ ఒక చోట నేను పొరపాటు చేయబోయాను, అది ఉమ్మడి ఆస్తి ఉన్న ప్రతి ఒక్కరూ చూసుకోవలసిన చోటు. ఇంటి ఆస్తి పట్టికలో ఆస్తి ఉమ్మడిదా అని అడిగి, మన వాటా శాతం, తోటి యజమాని పేరు, పాన్, ఆయన వాటా తీసుకుంటుంది. నేను 50 శాతం అని నింపి, కింద బాడుగ గడిలో కూడా నా సగం 2,67,500 వేశాను. ఇంటి పన్ను, వసూలు కాని బాడుగ కూడా సగం సగమే వేశాను. చివర్లో వచ్చిన అంకె 85,820. ఉండవలసిన దానిలో సరిగ్గా సగం. మళ్లీ పైనుంచి గడి గడి చదివితే అర్థమైంది, బాడుగా పన్నూ ఇంటి మొత్తానికి వేయాలి. వాటాను ఫారమే తరువాతి గడిలో లెక్క కడుతుంది. నేను సగం చేసినదాన్ని అది మళ్లీ సగం చేసింది. అలాగే పంపి ఉంటే పొంతన లేదని ఇంకో సందేశం వచ్చేది, ఈసారి నేను దాచానని కూడా అనుకునేవారు.

టీడీఎస్, అంటే ముందే కోసిన పన్ను, పట్టికలో మరో మెలిక ఉంది. 33,600 మొత్తం నా పాన్ మీద ఉంది, ఆదాయం మాత్రం ఇద్దరిది. ఎవరి ఆదాయమో వారికే ఆ పన్ను జమ చెందాలని 37బీఏ రూలు చెబుతుంది. ఆ రూలు ప్రకారం సంస్థకు ఒక లిఖితపూర్వక ప్రకటన ఇస్తే వారే ఇద్దరి పాన్‌ల మీద విడివిడిగా చూపవచ్చు. నేను వీలునామా నకలు జతచేసి ఉత్తరం ఇచ్చాను. హెడ్డాఫీసుకు పంపామన్నారు, అక్కడితో ఆగిపోయింది. నిజానికి వాటాలు నిర్దిష్టంగా ఉన్నప్పుడు కోత పరిమితిని ఒక్కొక్క యజమానికి విడిగా చూడాలని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1995 ఆగస్టులోనే 715వ సర్క్యులర్‌లో చెప్పింది. 2023-24లో ఆ పరిమితి ఏడాదికి 2,40,000. మా చెరి సగం 1,68,000 మాత్రమే. మొదటి రోజే ఇద్దరి పేర్లూ ఇచ్చి ఉంటే ఒక్క రూపాయి కూడా కోసేవారు కాదు. అది నా తప్పు, సంస్థ మీద మోపను. ఉత్తరానికి ఒక జవాబు ఇచ్చి ఉంటే మాత్రం బాగుండేది. చివరకు ఐటీఆర్-2లోనే ఉన్న సదుపాయంతో 16,800 నాకు తీసుకుని, మిగతా 16,800 చెల్లెలి పాన్ రాసి ఆమెకు బదిలీ చేశాను.

చెల్లెలిని ఒప్పించడానికి కావలికి వెళ్లవలసి వచ్చింది. "నాకు ఉద్యోగం లేదు సద్యోగం లేదు, నేనెందుకక్కా రిటర్ను వేసేది? ఉన్నవాళ్లు వేస్తారు గానీ" అంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. ఆమె ఆదాయం 1,71,640, కొత్త విధానంలో ఆ ఏడాది పన్ను లేని హద్దు 3,00,000. రిటర్ను వేయకపోతే ఎవరూ అడగరు. కానీ ఆమె వంతు 16,800 ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది. జులై గడువు దాటినా డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను వేయవచ్చు. ఆదాయం ఆ హద్దులోపే ఉండి, చట్టప్రకారం రిటర్ను వేయవలసిన అవసరమే లేనివారికి ఆలస్య రుసుము కూడా లేదు. వాళ్ల ఇంట్లో భోజనాల బల్ల మీద కూర్చుని ఇద్దరం కలిసి నింపాం. ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించేసరికి రాత్రి పదకొండు. ధ్రువీకరణకు ముప్పై రోజుల గడువు ఉంటుంది, అది చేయని రిటర్ను వేయనట్టే లెక్క. అందుకని లేచేలోపే చేయించాను.

ఇక నా సంగతి. పింఛను 5,40,000లో ప్రామాణిక మినహాయింపు 50,000 పోగా 4,90,000, బాడుగ 1,71,640, బ్యాంకు వడ్డీ 22,000, మొత్తం 6,83,640. కొత్త విధానంలో ఆ ఏడాది 7,00,000 వరకు 87ఎ సెక్షన్ ఇచ్చే రిబేటుతో, అంటే పన్ను మాఫీతో, పన్ను సున్నా. ఆ అంకె తెర మీద కనబడినప్పుడు నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఏ పన్నుకు భయపడి బాడుగను పక్కన పెట్టానో ఆ పన్నే లేదు. పైగా 16,800 నాకే తిరిగి రావలసి ఉంది. జనవరిలో నా ఖాతాకూ, ఫిబ్రవరిలో చెల్లెలి ఖాతాకూ రీఫండు పడింది.

మొదటి పోర్షన్‌లో ఉండే ప్రభుత్వోద్యోగి ఆ రోజుల్లోనే ఒకసారి, "అమ్మా, ఇంటి అద్దె అలవెన్సు లెక్కకు బాడుగ రసీదులు, మీ పాన్ కావాలి" అని మొహమాటపడుతూ అడిగాడు. ఏడాదికి లక్ష దాటితే యజమాని పాన్ ఇవ్వాలన్నది వాళ్ల ఆఫీసులో నియమం. అంతకు ముందు ఏడాది అడిగినప్పుడు నేను మాట దాటవేశాను. అతను పాత విధానంలో పన్ను కట్టే మనిషి, నా వల్ల అతనికి మినహాయింపు పోయి ఉంటుంది. ఆ మాట అడిగితే అతను నవ్వి ఊరుకున్నాడు. ఈసారి నా పాన్, చెల్లెలి పాన్ రెండూ రాసి, చెరి సగం అని స్పష్టంగా పేర్కొన్న పన్నెండు నెలల రసీదులు ఇచ్చాను.

2024-25 లెక్క తేలికగానే సాగింది, ఒక్క విషయం తప్ప. ఎగ్గొట్టి వెళ్లిన కుర్రవాడు ఉద్యోగం వచ్చిందని ఫోను చేసి, క్షమించమని అడిగి, 17,000 ఫోన్‌పేలో పంపాడు. సంతోషించాను. అలా తరువాత వసూలైన బాడుగ 25ఎ సెక్షన్ కింద వచ్చిన ఏడాదికే చెందుతుంది, దానికీ ముప్పై శాతం తగ్గింపు ఉంది. నా వంతు 8,500లో 5,950 ఆదాయంలో చేరింది. అన్నీ కలిపితే ఆ ఏడాది నా ఆదాయం 7,10,032, అంటే హద్దు దాటింది కొద్దిగానే. హద్దు దాటినంత మేరకే పన్ను ఉండేలా చట్టంలో ఉపశమనం ఉంది గనుక సెస్సుతో కలిపి 10,430 తేలింది. నా వంతు టీడీఎస్ 16,800లో అది పోగా 6,370 వెనక్కి వచ్చింది. ఆ ఏడాది రిటర్ను గడువును సెప్టెంబరు 15కు, చివరికి 16కు పొడిగించారు. నేను ఆగస్టులోనే పంపేశాను.

2025 ఏప్రిల్ నుంచి నెల బాడుగ 50,000 దాటితేనే సంస్థలు కోయాలని పరిమితి మారడంతో హాలు బాడుగ ఇప్పుడు కోత లేకుండా పూర్తిగా 28,000 వస్తోంది. అగ్రిమెంటులోనూ ఇద్దరి పేర్లు చేర్పించాను, చెరి 14,000 ఎవరి ఖాతాలో వారికే పడుతోంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేది కొత్త ఆదాయపు పన్ను చట్టం. అందులో సెక్షన్ల అంకెలు వేరు గానీ ముందు ఇంటి పన్ను, తరువాత ముప్పై శాతం అనే లెక్క మారదు.

నాన్న పుస్తకంలో ఎడమ పేజీకి, కుడి పేజీకి మధ్య ఇప్పుడు నేను ఎర్ర సిరాతో మరో గీత గీసి ఒక వరుస పెట్టాను. అందులో రాసేవి బాడుగ ఏ నెలదో, ఏ తేదీన వచ్చిందో, ఇంటి పన్ను ఏ తేదీన కట్టానో, ఇవి మాత్రమే. మొత్తం ఏడాది పన్ను ఏప్రిల్ 30లోగా కడితే అయిదు శాతం తగ్గింపు ఉంటుంది గనుక ఏప్రిల్ మొదటి వారంలోనే సచివాలయానికి వెళ్లి 18,400కు బదులు 17,480 కట్టేస్తున్నాను. రసీదును ఆ పేజీలో అంటించి, ఫొటో తీసి, వెంటనే చెల్లెలికి పంపిస్తాను.